శివారు చేలకు ఫారాలు పట్టుకెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ థీసిస్ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక), రైతుల్ని అడగబోయే ప్రశ్నల ఫారం మొత్తం చదివాను. "గోదావరి డెల్టా రైతుల సమస్యలు" అన్న శీర్షిక ముందు కొట్టెయ్యి తల్లీ. సమస్యలన్నిటినీ ఎవరూ కొలవలేరు. నీ అసలు ప్రశ్న నాలుగో పేజీలో ఉంది: కాలువ ఎగువ చేలకంటే శివారు (కాలువ చివరి) చేలల్లో దాళ్వా (రెండో పంట) దిగుబడి తక్కువా? దాన్ని మొదటి పేజీకి తీసుకురా, తక్కిన మాటలన్నీ వాటి చోట్లలో కూర్చుంటాయి. చేను ఎగువనా, శివారునా అన్నది స్వతంత్ర చరం, అంటే ప్రభావం చూపుతుందని నువ్వనుకునేది. ఎకరా దిగుబడి పరతంత్ర చరం, అంటే దాన్నిబట్టి మారేది. "శివారులో తక్కువ" అన్నది నీ పరికల్పన (నువ్వు ఊహించింది), "తేడా లేదు" అన్నది శూన్య పరికల్పన. పరీక్ష పెట్టేది ఈ రెండోదానికే. సముద్రం దగ్గరి చేలల్లో ఉప్పు, మురుగు దిగకపోవడం, వేసిన వరి రకం, ఇవి కూడా దిగుబడిని మారుస్తాయి. ఫారంలో వీటిని అడగకపోతే ఉప్పు చేసిన నష్టాన్ని కాలువ నీటికి అంటగడతావు.

ఇక జనాభా. పరిశోధనలో జనాభా అంటే ఊళ్లో ఉన్నవాళ్లంతా కాదు, నీ ఫలితం ఎవరికి వర్తిస్తుందో వాళ్లు. వాళ్ల జాబితా ఎక్కడి నుంచి తెస్తావన్నది అన్నిటికంటే పెద్ద చిక్కు. అడంగల్లో (ఊరి భూముల రికార్డులో) పట్టాదారు పేరుంటుంది. మన డెల్టాలో చేను చేసేది చాలాచోట్ల కౌలు రైతు. పట్టాదారు జాబితా పట్టుకుంటే హైదరాబాదులో ఉంటున్నాయనకి ఫోన్ చేసి దిగుబడి అడగాల్సొస్తుంది, ఆయన చెప్పగలిగేది మక్తా (కౌలు) ఎంతొచ్చిందో మాత్రమే. ఈ-పంట జాబితా (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసేది) తీసుకుని, లస్కరుతోనూ (కాలువ నీళ్లు చూసే ఉద్యోగి) కౌలు రైతులతోనూ కూర్చుని పేరు పేరునా సరిచూసుకో. తర్వాత ఎగువకొకటి, శివారుకొకటి, రెండు జాబితాలు చెయ్యి. ఒక్కోదాంట్లో 600 మంది ఉండి నీకు 75 మంది కావాలంటే ఎనిమిదికొకరు. 1 నుంచి 8 లోపు చీటీ తీసి, 5 వస్తే 5, 13, 21 అలా వెళ్లు. దీన్నే స్తరీకరించి (గుంపులుగా విడదీసి), క్రమబద్ధంగా నమూనా తియ్యడం అంటారు. 13వ రైతు ఇంట్లో లేకపోతే పక్కింటాయన్ని అడగొద్దు, మూడుసార్లు తిరుగు. ఎప్పుడూ ఇంటిపట్టున దొరికేవాళ్లు, దొరకనివాళ్లు ఒకేలా సేద్యం చెయ్యరు.

నమూనా 384 అని రాశావు. అందరూ అదే రాస్తున్నారు. అది "ఎంత శాతం మంది" అన్న లెక్కని 5 శాతం అటూఇటూగా, 95 శాతం విశ్వాస స్థాయిలో అంచనా వెయ్యడానికి వాడే అంకె. నువ్వు చేసేది రెండు సగటుల పోలిక. దానికి ఉజ్జాయింపు సూత్రం వేరు: ప్రామాణిక విచలనాన్ని (దిగుబడులు సగటు నుంచి మామూలుగా ఎంత అటూఇటూ చెదురుతాయో ఆ కొలత) వర్గం చేసి, 16తో హెచ్చించి, నువ్వు పట్టుకోవాలనుకున్న తేడా వర్గంతో భాగించు. రైతుకీ రైతుకీ విచలనం 6 బస్తాలు, పట్టుకోవాల్సిన తేడా 3 బస్తాలు అయితే 16 × 36 ÷ 9, అంటే గుంపుకి 64 మంది. దొరకనివాళ్ల కోసం 75 పెట్టుకో. నిజంగా అంత తేడా ఉంటే 5 శాతం సార్థకత స్థాయిలో (లేని తేడాని ఉందనుకునే ప్రమాదం 5 శాతానికి మించకుండా) అది బయటపడే అవకాశం 80 శాతం.

ఇప్పుడు నీ ఫారంలో ఏడో ప్రశ్న చూడు: "ఎకరానికి ఎన్ని బస్తాలు?" ఏ బస్తా? 75 కిలోలదని రాయి. పచ్చిదా, ఆరిందా? కోత మిషన్ నుంచి నేరుగా కాటా వేసిన 24 శాతం తేమ ధాన్యం 35 బస్తాలు, కొనుగోలు కేంద్రం ఒప్పుకునే 17 శాతానికి ఆరితే 32 బస్తాలే. నువ్వు వెతికే తేడా ఎంత? సరిగ్గా 3 బస్తాలు. ఎగువవాళ్లు పచ్చిగా అమ్మేసి, శివారువాళ్లు రోడ్డు మీద ఆరబెట్టుకుని అమ్మితే, లేని తేడా పుట్టుకొస్తుంది. ఆ రైతునే పది రోజులాగి మళ్లీ అడిగినా 35 అనే చెబుతాడు. అది విశ్వసనీయత. కానీ నువ్వు కొలవాలనుకున్నది అది కొలవడం లేదు కాబట్టి సప్రమాణత లేదు. అందుకని తేమ ఎంతో, అమ్మింది ఎప్పుడో విడిగా అడిగి, అన్నిటినీ 17 శాతానికి మార్చుకో. దాళ్వా కోతలైన నెలలోపే వెళ్లు. సార్వా (తొలి పంట) ఊడ్పుల్లో పడ్డాక అడిగితే రెండు పంటల లెక్కలూ కలిపి చెబుతారు.

చివరికి రెండు సగటుల్ని పోల్చిన పరీక్షలో పి-విలువ 0.03 వచ్చిందనుకో. "శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 3 శాతం" అని మాత్రం రాయకు, చాలా థీసిస్‌లలో ఉన్న తప్పు అది. నిజానికి తేడా లేకపోయినా, ఇంత తేడాగానీ అంతకు మించిగానీ నమూనాలో కనపడే అవకాశం 3 శాతం అని దాని అర్థం. 0.20 వస్తే తేడా లేదని తేలినట్టూ కాదు.

ముందు పైలట్‌గా 30 మందిని అడిగి రా, వాళ్లని అసలు నమూనాలో కలపకు. విచలనం 6 కాక 9 బస్తాలు వస్తే గుంపుకి 144 మంది కావాలి. అప్పుడు ఊళ్ల సంఖ్య పెంచాలో, గడువు పెంచమని అడగాలో మీ గైడుగారితో ఈ నెలలోనే మాట్లాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు