ఒళ్లంతా రక్తమయ్యే ఆ పాత కత్తి ఆటలో ఏముందని ఇప్పటికీ ఆడుతున్నారు?

ప్రశ్నలో రెండు మాటలున్నాయి. 'సెవరెన్స్: బ్లేడ్ ఆఫ్ డార్క్‌నెస్' అనే కంప్యూటర్ ఆటలో నరకడం తప్ప ఏముంది అని ఒకటి, సీమవాళ్లకు ఇలాంటివి కాస్త ఎక్కువ నచ్చుతాయా అని ఇంకొకటి. రెండోది ముందు తేల్చేస్తాను. మాది కర్నూలు పాతబస్తీ. మా ఊరి పేరు చెప్పగానే సుమోలు, బాంబులు గుర్తొస్తున్నాయంటే అది సినిమాల పుణ్యం. మా వీధిలో నేను చూసిన పెద్ద యుద్ధం కుళాయి దగ్గర బిందెలది.

ఇక ఆట సంగతి. మాడ్రిడ్‌లోని రెబెల్ యాక్ట్ స్టూడియోస్ వాళ్లు చేశారు, 2001లో వచ్చింది. మాకు 2004లో రాజ్‌విహార్ దగ్గరి ఒక నెట్ సెంటర్‌లో కంటబడింది. గంటకు పదిహేను రూపాయలు. నలుగురు వీరుల్లో ఒకరిని ఎంచుకోవాలి. కవచం వేసుకున్న సర్గాన్, మరుగుజ్జు నాగ్ల్‌ఫార్, ఈటె పట్టిన జోయీ, నాలుగోవాడు కండలు తిరిగిన అడవిమనిషి. వాడి పేరు తుకారాం! మనకు తుకారాం అంటే చిడతలు పట్టుకుని విఠలుణ్ణి పాడే భక్తుడు. ఇక్కడేమో రెండు చేతులా కత్తెత్తి తలలు నరుకుతున్నాడు. స్పెయిన్‌వాళ్లకు ఆ పేరు ఎక్కడ దొరికిందో గానీ మా బ్యాచ్ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుతోనే మొదలుపెట్టాం. మొదట ఎదురైన ఓర్క్ అనే రాక్షసుడి చేతిలోనే చచ్చాం. రెండోసారీ అంతే.

అప్పట్లో మేం ఆడే ఆటల్లో మౌస్ టకటకా నొక్కుతూ పోతే చాలు, ఎదురొచ్చినవాడు పడిపోయేవాడు. ఇందులో ఆ పప్పులు ఉడకవు. కత్తి ఒకసారి ఎత్తాక దిగేదాకా మన మాట వినదు. వేటు తప్పిందా, ఒళ్లు వాలిపోయి ఎదుటివాడికి వీపు అప్పజెప్పినట్టే. ప్రతి వేటుకూ ఒంట్లో సత్తువ తరుగుతుంది, అది ఎంత మిగిలిందో చూపే గీత తెర మీద ఉంటుంది. ఆవేశపడి నాలుగు వేట్లు వరసగా వేస్తే ఆ గీత అడుగంటుతుంది, ఇక వాడి వంతు. అందుకని వాడి మీద చూపు లాక్ చేసి, చుట్టూ తిరుగుతూ, వాడు వేటు వేసి తప్పినప్పుడు ఒక్కటి ఇచ్చి వెనక్కి జరగాలి. ఎడమచేతిలో చెక్క డాలు ఉంటే అది కూడా దెబ్బలు తిని తిని పగిలిపోతుంది. ఒక్క ఓర్క్‌తో తలపడితేనే అరచేతులు తడిసేవి. పక్క సిస్టంలో రేసింగ్ ఆడుకునే పిల్లలు "ఏందన్నా, ఒక్కన్ని చంపనీకి ఇంతసేపా" అనేవాళ్లు. ఈ తరహా పోరాటం 2011లో 'డార్క్ సోల్స్' అనే ఆట వచ్చాక ప్రపంచమంతా మెచ్చుకుంది. పదేళ్ల ముందే దీంట్లో ఉందంటే చాలామంది నమ్మరు.

రక్తం మాటకొస్తే, ఉంది, బాగానే ఉంది. చేతులు తెగుతాయి, తలలు దొర్లుతాయి. తెగిన చెయ్యి తీసుకుని దాంతోనే కొట్టొచ్చు కూడా. ఇంట్లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాక ఒక రాత్రి అదే పనిలో ఉంటే మా అవ్వ వెనక నిలబడి చూసింది.

"ఒరే, ఆ చెయ్యి యాడిదిరా?"

"రాక్షసునిది, అవ్వా."

"సరే గానీ అన్నం సల్లారిపోతాంది, రా."

ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. గుహలో మాంత్రికుడు, లేచొచ్చే అస్థిపంజరాలు, కత్తి పట్టి ఒంటరిగా బయల్దేరిన వీరుడు... టూరింగ్ టాకీసులో కత్తి కాంతారావు సినిమాలు నేల టికెట్ మీద చూసిన మనిషికి ఇవన్నీ ఎప్పుడో పరిచయం. ఇంగ్లీషువాళ్లు స్వోర్డ్ అండ్ సోర్సరీ అంటారు, మనం జానపదం అంటాం, అంతే.

నిజం రక్తం ఎలా ఉంటుందో నేను దేవరగట్టులో చూశాను. మా జిల్లాలోనే, హొళగుంద మండలం. దసరా రాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వాముల ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు ఇనుప రింగులు తొడిగిన కర్రలతో తలపడతాయి. బన్ని ఉత్సవం అంటారు. మామ వెంట వెళ్లాను, పదహారేళ్లుంటాయి. దివిటీల వెలుగులో ఒకాయన తల పగిలి, చొక్కా కాలరు నల్లగా కనబడుతోంది. ఇంత పసుపు తీసి గాయం మీద అద్దుకుని మళ్లీ గుంపులోకి పోయాడు. నా కాళ్లు వణికాయి, కడుపులో తిప్పింది. ఆ పసుపు, చమురు, రక్తం కలిసిన వాసన ఇప్పటికీ మరిచిపోలేదు. ఆటలో ఆ వాసన లేదు. రక్తం చూడ్డానికే నేను ఆ ఆట ఆడేవాణ్ణయితే ఆ రాత్రితో మానేసేవాణ్ణి. తిరిగొచ్చిన రెండోరోజే ఆడాను. కాకపోతే ఆటలో కాగడా పట్టుకుని చీకటి మెట్లు దిగేటప్పుడు, గోడ మీద నీడ నాకంటే ముందు కదిలితే, మునుపటికంటే ఎక్కువ భయమేసింది. 2001 నాటికి ఆ నీడలు మామూలు పని కాదు. మా సిస్టం ఈడ్చలేక ఈడ్చేది, అయినా వాటిని ఆపెయ్యడానికి మనసొప్పేది కాదు.

పూర్తి చేశానా అంటే, లేదు. దారిపొడుగునా దాచిన రూనులు, అంటే మంత్రాక్షరాలన్నీ ఏరుకుంటేనే ఇయన్నా ఖడ్గం అనే మహిమగల కత్తి దక్కుతుంది, అసలు ముగింపు అప్పుడే. ఉద్యోగంలో చేరాక సెలవుల్లో కూర్చుని ఒక్కటి తప్ప అన్నీ ఏరాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చాయి. పక్కింటి డాబా మీద రెండు రాత్రులున్నాం. దిగొచ్చి చూస్తే సీపీయూ డబ్బాలో బెత్తెడు ఒండ్రు. అవ్వ బియ్యం మూటల కోసం ఏడుస్తుంటే నేను ఆటలో అప్పటిదాకా ఆడి దాచుకున్న సేవ్ పోయిందని బాధపడ్డాను. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నా.

ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. అందులోంచి వచ్చినవాళ్లు పెట్టిన మెర్క్యురీస్టీమ్ స్టూడియో ఇప్పుడు పెద్ద పేరు, 'మెట్రాయిడ్ డ్రెడ్' అనే ఆట వాళ్లదే. పాత ఆట మాత్రం 2021లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో మళ్లీ వచ్చింది, కొన్నాను. మొదటి ఓర్క్ చేతిలో మళ్లీ చచ్చాను.

మీరు మొదలుపెట్టేట్టయితే సర్గాన్‌తో పెట్టండి, డాలు వాటం అలవాటవుతుంది. తుకారాంని తర్వాత చూడొచ్చు. రెండో గంటలో విసుగొస్తుంది, ఇంకో గంట ఓపిక పట్టండి.