కర్ర పైకప్పు మోడల్లో మెంబర్లను (వాసం, దూలం లాంటి విడి కర్రల్ని) ఏ లెక్కన గ్రూపు చెయ్యాలి?

మీరడిగింది ఇది: బారువ తీరంలో కాటేజీకి టేకు వాసాలు, పైన పెంకు. వాసాలన్నీ 100×200 మి.మీ., ఒకే గ్రూపు. ఒక్కటి 1.4 రేషియోతో ఫెయిలైంది (హద్దుకి ఎన్ని రెట్లో ఈ రేషియో, 1 దాటితే ఫెయిల్), మిగతావి 0.3 లోపే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ గ్రూపు మొత్తానికి సైజు పెంచమంటోంది.

1.4 సంగతి తేలికే. అది మూలవాసం (రెండు వాలులు కలిసే మూలలో వచ్చేది) అయ్యుంటుంది. 30 డిగ్రీల వాలులో మామూలు వాసం 4.2 మీటర్లుంటే మూలవాసం 5.5 దాటుతుంది, రెండు వైపుల బరువూ దాని మీదే పడుతుంది. దాన్ని వేరే గ్రూపు చేసి 100×250 పెట్టి చూడండి. దానికోసం మిగతా వాసాలన్నీ లావు చెయ్యడం కర్ర దండగ.

అసలు అనుమానించాల్సింది ఆ 0.3లని. 700 మి.మీ.కో పర్లిన్ (వాసాల మీద అడ్డంగా వేసే కర్ర) వస్తే 4.2 మీటర్ల వాసం మోడల్లో ఆరు ముక్కలవుతుంది. ఫిజికల్ మెంబరుగా, అంటే ఒకే కర్రగా, కలపకపోతే ఒక్కో ముక్కనీ 700 మి.మీ. దూలంగా చెక్ చేస్తుంది. వాసం నడుమ నిజంగా 15 మి.మీ. కుంగిందనుకోండి. పెంకు లాంటి పెళుసు కప్పుని మోస్తే హద్దు 4200/360, అంటే 11.7, కాబట్టి ఫెయిల్. కానీ ముక్క రెండు కొసల మధ్య చూస్తే ఆ కుంగు 0.5 మి.మీ., ముక్క హద్దు 1.9. రేషియో 0.26 అని పచ్చరంగు చూపిస్తుంది! బక్లింగ్‌లోనూ ఇదే మోసం (బక్లింగ్ అంటే నొక్కుడికి కర్ర పక్కకి వంగిపోవడం). బలమైన అక్షానికి (200 మి.మీ. వైపు వంగేటప్పుడు) పొడవు 4200, అంటే 4200/200 = 21. ఐఎస్ 883 (కర్ర నిర్మాణాల భారతీయ ప్రమాణం) లెక్కలో ఈ నిష్పత్తి 11 దాటితే పొట్టి స్తంభం కాదు, స్ట్రెస్ తగ్గించాలి. ముక్కని చూస్తే 3.5 వస్తుంది, తగ్గింపే ఉండదు. బలహీన అక్షానికి (100 మి.మీ. వైపుకి) మాత్రం 700 ఇవ్వొచ్చు, పర్లిన్లు గట్టిగా బిగించి ఉంటేనే.

అందుకే ముందు ముక్కల్ని కలపండి, తర్వాతే గ్రూపులు. సైజు ఒకటే కదా అని గ్రూపు చెయ్యకూడదు. స్పాన్, ఆనిక, పడే బలం, తడి, ఈ నాలుగూ కలిసినవే ఒక గుంపు. చూరు ముక్కకి కుంగు హద్దు వేరు, బయటికి వేలాడే పొడవుని బట్టి లెక్కించాలి. అది వానకి తడిసేది కాబట్టి ఐఎస్ 883లో 'బయట' విలువలు, అవి లోపలి వాటికంటే తక్కువ. కర్ర ఒకటే కొనసాగుతుంది గనక గోడ మీది ఆనిక దగ్గర కూడా ఆ తక్కువ విలువే తీసుకోండి.

ట్రస్సులుంటే కింది టై (ట్రస్సు రెండు కొసల్నీ కలిపే అడ్డకర్ర) వేరే గ్రూపు. మామూలుగా అది లాగుడులో ఉంటుంది, కానీ మన తీరంలో 50 మీ/సె గాలికి కప్పు పైకి లేస్తే నొక్కుడులోకి పోవచ్చు. పెంకు బరువుకి ఆ భయం తక్కువ, రేకు వేస్తే ఎక్కువ. అప్పుడు అడ్డకట్టు లేని పొడవే దాని బక్లింగ్ పొడవు.

లోడ్ కాంబినేషన్లని (ఏ బరువులు కలిసి పడతాయో ఆ లెక్కల్ని) కూడా విడగొట్టాలి. అనుమతించే స్ట్రెస్ మీద గాలికి 1.33 గుణకం ఉంది, ఎప్పుడూ ఉండే బరువుకి 1.0 మాత్రమే. అన్నీ ఒకే జాబితాలో పడేసి 1.33 కొడితే పెంకు బరువు మోసే పర్లిన్ కూడా ఊరికే పాసైపోతుంది. ఇంకొకటి, ఐఎస్ 883 వర్కింగ్ స్ట్రెస్ పద్ధతి, అంటే బరువుల్ని పెంచకుండా ఉన్నవి ఉన్నట్టే ఇవ్వాలి. కాంక్రీటు అలవాటులో 1.5 గుణించిన లోడ్లు దీనికి ఇవ్వకండి. యూరోకోడ్ 5 (కర్రకి యూరప్ ప్రమాణం) పెట్టుకుంటే మాత్రం గుణించినవే కావాలి, రెండింటినీ కలపొద్దు. సాఫ్ట్‌వేర్‌లో ఐఎస్ 883 లేకపోతే గ్రూపు వారీగా ఫోర్సులు తీసుకుని ఎక్సెల్‌లో చెక్ చెయ్యడమే మేలు.

రోబోట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ముందు గ్రూప్ వెరిఫికేషనే (ఉన్న సైజుల్నే చెక్ చేసేది) నడపండి. గ్రూప్ డిజైన్ సైజులు మార్చి చూపిస్తుంది, గ్రూపులు తప్పైతే ఆ మార్పులూ తప్పే. స్టాడ్‌లో గ్రూపు పేరు అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి.

సెక్షన్ సైజు కూడా చూసుకోండి. కోత మిల్లు నుంచి వచ్చిన 100×200ని చిత్రిక పట్టాక 95×195 మిగిలితే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (వంగకుండా ఆపే సెక్షన్ గుణం) 12 శాతం పోతుంది. కుంగులో 0.95తో పాసైన వాసం 1.08 అవుతుంది.