జర్మనీ ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: డబ్బు కట్టే ముందు ఏ కాగితం చేతికి రావాలి?

ప్రశ్న: మాది రాయగడ, బట్టల వ్యాపారం. మా అమ్మాయి భువనేశ్వర్‌లో బీటెక్ నాలుగో సెమిస్టర్ చదువుతోంది. ఐదో సెమిస్టర్ జర్మనీలో చదవడానికి కాలేజీ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లో ఎంపికైంది. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదంటున్నారు. మొత్తం ఖర్చెంత అవుతుంది? ఏడాది వెనకబడుతుందా? పంపమంటారా?

జవాబు: పంపండి. కాకపోతే అక్కడ చదివిన సబ్జెక్టులు ఇక్కడ ఐదో సెమిస్టర్ కింద లెక్కకు వస్తాయని కాలేజీ సంతకం చేసి ఇచ్చాకే డబ్బు కట్టండి. ఎక్స్ఛేంజ్‌కి వెళ్లొచ్చిన పిల్లలు ఏడాది పోగొట్టుకోవడానికి ఎక్కువసార్లు కారణం చదవలేకపోవడం కాదు, వెళ్లేముందు ఈ కాగితం తీసుకోకపోవడమే.

ముందు క్యాలెండర్ చూడండి. మన ఐదో సెమిస్టర్ జులైలో మొదలై నవంబరు, డిసెంబరు నాటికి ముగుస్తుంది. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా ఉంటాయి, ఆపైన పరీక్షలు. అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా అమ్మాయి ఖాళీ. మరోపక్క ఇక్కడ జనవరిలో ఆరో సెమిస్టర్ క్లాసులు నడుస్తుంటే తను ఇంకా అక్కడ పరీక్షలు రాస్తూ ఉంటుంది. 75 శాతం హాజరు నిబంధన దగ్గర చిక్కుపడేది ఇక్కడే. జనవరి, ఫిబ్రవరి నెలల హాజరు మినహాయింపునూ, ఆరో సెమిస్టర్ మొదటి ఇంటర్నల్ తర్వాత రాసే వీలునూ డీన్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. హెచ్ఓడీ నోటిమాట చాలదు, ఆయన బదిలీ అయితే ఆ మాటా ఆయనతోనే పోతుంది. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో (ప్రాక్టికల్ చదువుకు ప్రాధాన్యమిచ్చేవి) క్లాసులు కాస్త ముందే మొదలై ముందే ముగుస్తాయి. మీ అమ్మాయికి వచ్చింది అలాంటిదైతే ఇబ్బంది కొంత తగ్గుతుంది.

వేసవి సెమిస్టర్‌కి మారమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాని పరీక్షలు జులై, ఆగస్టుల్లో పడతాయి. అప్పటికి ఇక్కడ ఏడో సెమిస్టర్, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు రెండూ మొదలైపోతాయి. ఐదో సెమిస్టరే నయం.

ఇక అసలు కాగితం. దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అక్కడ చదివే ఒక్కో సబ్జెక్టు ఎదురుగా ఇక్కడ దేనికి బదులో రాసి విద్యార్థి, మీ కాలేజీ, జర్మనీ యూనివర్సిటీ ముగ్గురూ సంతకాలు చేస్తారు. యూరప్‌లో పూర్తి సెమిస్టర్ అంటే 30 ఈసీటీఎస్ (అక్కడి యూనివర్సిటీల ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, మన దగ్గర 20 పైచిలుకు. రెండింటికీ మార్పిడి పట్టిక మీ కాలేజీదే ఉంటుంది, దాని కాపీ అడగండి. ఒక్కో సబ్జెక్టు సాధారణంగా 5 లేదా 6 ఈసీటీఎస్. ఇంగ్లిష్‌లో చెప్పే సబ్జెక్టులు పరిమితం, చివరి నిమిషంలో రద్దవడమూ మామూలే. అందుకని అవసరమైన వాటికి తోడు ఇంకో రెండు సబ్జెక్టులకు ముందే ఆమోదం తెచ్చుకోవాలి. అక్కడికి వెళ్లాక సబ్జెక్టు మారిస్తే అగ్రిమెంట్ కూడా మార్పించాలి. మెయిల్‌లో 'ఓకే' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకూడదు.

మార్కుల సంగతీ ఇప్పుడే తేల్చుకోండి. జర్మనీలో 1.0 అంటే అత్యుత్తమం, 4.0 పాసు, 5.0 ఫెయిలు. మనకు అలవాటైన దానికి ఇది తలకిందులు. 2.3 వస్తే మన పదికి ఎంత వేస్తారో, అది సీజీపీఏలో కలుస్తుందో, లేక క్రెడిట్లు మాత్రమే ఇస్తారో అడగండి. ప్లేస్‌మెంట్‌కి వచ్చే కంపెనీలు సీజీపీఏ కటాఫ్ పెడతాయి కనుక ఇది చిన్న విషయం కాదు. మన పిల్లలు దెబ్బతినేది ఇంకో రెండు చోట్ల. ఒకటి, అక్కడ చాలా సబ్జెక్టులకు ఇంటర్నల్ మార్కులు ఉండవు, చివరి పరీక్ష ఒక్కటే. రెండు, క్లాసుకు పేరిచ్చినంత మాత్రాన పరీక్షకు పేరిచ్చినట్టు కాదు. పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి. గడువు దాటితే సెమిస్టరంతా కూర్చుని చదివినా పరీక్ష రాయనివ్వరు.

ఖర్చు విషయానికొస్తే, ఫీజు లేదన్నది నిజమే కానీ, ఇక్కడి కాలేజీ ఫీజు మామూలుగానే కట్టాలి. హాస్టల్, మెస్ ఫీజు మినహాయించమని మాత్రం అడగండి. వీసాకు చూపాల్సిన బ్లాక్డ్ ఖాతా (ముందే మొత్తం వేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) మొత్తం 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. ఆరు నెలలకు 5,952 యూరోలు. యూరో వంద రూపాయల లెక్కన దాదాపు 6 లక్షలు. ఇది ఎవరికో కట్టే డబ్బు కాదు, నెలనెలా అమ్మాయి చేతికే తిరిగొస్తుంది. ఇంటి అద్దె, నెలకు సుమారు 140 నుంచి 150 యూరోల ఆరోగ్య బీమా, తిండి అన్నీ అందులోంచే. విమానం టికెట్, వీసా ఫీజు 75 యూరోలు, యూనివర్సిటీకి కట్టే సెమిస్టర్ కాంట్రిబ్యూషన్, గది డిపాజిట్ వేరే. అన్నీ కలిపి 8 లక్షలు సిద్ధంగా పెట్టుకోండి. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేదాకా బ్లాక్డ్ డబ్బు బయటికి రాదు కనుక తొలి నెలకు ఫారెక్స్ కార్డులో 1,200 యూరోలైనా వేసి పంపండి. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల లోపు పంపితే టీసీఎస్ (విదేశానికి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదు. పార్ట్‌టైమ్ సంపాదన నమ్ముకుని పంపకండి. చట్టం ఏడాదికి 140 పూర్తి రోజుల పనికి ఒప్పుకుంటుంది, అయితే ఒక్క సెమిస్టర్ కోసం వెళ్లి భాష రాకుండా పని వెతుక్కోవడం చదువుకు చేటు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ప్లస్ మొబిలిటీ గ్రాంటు మీ కాలేజీ ఒప్పందంలో ఉందేమో అడగండి. ఉంటే నెలకు 800 నుంచి 900 యూరోల దాకా వస్తుంది, బరువు దిగిపోతుంది.

ఒడిశాలోని మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి పేర్లు. ఒడియాలో 'వ' పలికే చోట 'బ' రాస్తారు కాబట్టి ఇంట్లో వాసుదేవరావు కటక్ బోర్డు పదో తరగతి సర్టిఫికెట్లో బాసుదేవ్ అవుతాడు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో పొడి అక్షరమే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తల్లి పేరు ఆధార్‌లో ఒకలా, అమ్మాయి సర్టిఫికెట్లో ఇంకోలా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, యూనివర్సిటీ అడ్మిట్ లెటర్ మూడింట్లో అమ్మాయి పేరు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటిగా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. దేశంలో ఎక్కడి నుంచైనా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయవచ్చు, పోలీసు విచారణ మాత్రం ఫారంలో రాసిన చిరునామాకే వస్తుంది. డబ్బు పెట్టేది మీరు కాబట్టి మీ పేరు కూడా బ్యాంకు కాగితాల్లో, ఐటీ రిటర్నుల్లో, అమ్మాయి సర్టిఫికెట్లో ఒకేలా ఉందేమో చూడండి. ఒడియాలో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం నోటరీ చేయించాలి.

ఆస్పత్రికైనా పెళ్లి బట్టలకైనా మనకు విశాఖే దగ్గర. వీసాకు అది పనికిరాదు. ఒడిశా చిరునామా కోల్‌కతాలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. హైదరాబాద్‌లో చుట్టాలున్నారని అక్కడ స్లాటు తీసుకుంటే ఆ రోజు, ఆ ఖర్చు రెండూ వృథా. నేషనల్ వీసాకు (మూడు నెలలు దాటి ఉండేవాళ్లకు ఇచ్చేది) 6 నుంచి 12 వారాలు పడుతుంది. కనుక అడ్మిట్ లెటర్ రాగానే, జూన్‌లోనే స్లాటు కోసం ప్రయత్నించాలి. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని జర్మనీ తరఫున తనిఖీ చేసి ఇచ్చేది) కావాలని ఏజెంట్లు 18,000 రూపాయలు కట్టించబోతే, ముందు ఏపీఎస్ ఇండియా సైట్లో మినహాయింపుల జాబితా చదవండి.

గది కోసం అడ్మిట్ లెటర్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టించండి. 'నేను ఊళ్లో లేను, డిపాజిట్ పంపితే తాళం కొరియర్ చేస్తా' అనేవాళ్లు మోసగాళ్లే. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఇంటి యజమాని ఇచ్చే ధ్రువీకరణ తప్పనిసరి. అది ఇవ్వనన్న గది ఎంత చవకైనా వద్దు. ఆడపిల్ల ఒక్కతే అన్న దిగులుకు కూడా నా సలహా యూనివర్సిటీ హాస్టలే. బయటి గదిలో ఉండటం కంటే అక్కడ తోడు త్వరగా దొరుకుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, బియ్యం, పప్పు శనివారమే కొనిపెట్టుకోమనండి.

తిరిగొచ్చేముందు చిరునామా నమోదు రద్దు చేయించుకుని ఆ కాగితం తెచ్చుకోవాలి. బీమా, బ్యాంకు ఖాతా, బ్లాక్డ్ ఖాతాలో మిగిలిన డబ్బు తేల్చుకోవడానికి అది అడుగుతారు. మార్కుల ట్రాన్స్‌క్రిప్టు మాత్రం పరీక్షలయ్యాక కొన్ని వారాలకు గానీ రాదు. ఈలోగా మీ కాలేజీ పోర్టల్లో ఐదో సెమిస్టర్ ఖాళీగా కనిపిస్తుంది. ఫలితాలు రావాల్సి ఉందని ఎగ్జామ్ సెక్షన్ నుంచి ఒక లెటర్ ముందే తీసుకుంటే ఇంటర్న్‌షిప్ ఫారాల దగ్గర అడ్డం రాదు.