మొజాంబిక్‌లో ఇంకా పోర్చుగీసేనా?

ప్రశ్న: సార్, మా అబ్బాయికి మొజాంబిక్‌లోని నంపులాలో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పోర్చుగీసు రాకపోతే పని జరగదంటున్నారు. తెల్లవాళ్లు వెళ్లిపోయి యాభై ఏళ్లయినా వాళ్ల భాషనే ఎందుకు పట్టుకుని ఉన్నారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, నేనూ ఆ ఊళ్లోనే మందుల గోడౌన్ చూసుకుంటూ కొన్నేళ్లు ఉన్నాను. అలవాటైపోయి వదల్లేక ఉంచుకున్న భాష కాదది. కావాలనే ఎంచుకున్నారు. 1964లో స్వాతంత్ర్యం కోసం ఫ్రెలిమో అనే ఉద్యమ సంస్థ పోర్చుగల్ మీద ఆయుధం పట్టినప్పుడు ఉత్తరాది మకోండే తెగ కుర్రాడు, దక్షిణాది షంగానా తెగ కుర్రాడు ఒకే దళంలో ఉండేవాళ్లు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఏ ఒక్కరి భాషను పైకెత్తినా మిగతావాళ్లు దూరమయ్యేవారు. అందుకని శత్రువు భాషనే ఉమ్మడి భాష చేసుకున్నారు. 1975 జూన్ 25న స్వాతంత్ర్యం వచ్చాక అదే అధికార భాష అయింది. పోర్చుగీసువాళ్లు మిగిల్చిపోయే మంచివాటిలో వాళ్ల భాష ఒకటని పోర్చుగల్ ఏలిన మరో ఆఫ్రికా దేశం గినియా బిసావ్ ఉద్యమ నాయకుడు అమిల్కార్ కబ్రాల్ కూడా తన కార్యకర్తలకు చెప్పాడు.

అయితే దొరల కాలంలో ఆ భాషను జనానికి పంచిపెట్టారని మాత్రం అనుకోవద్దు. పోర్చుగీసు మాట్లాడటం, రాయటం వచ్చనీ, తమలాగే బతుకుతున్నాడనీ రుజువు చేసుకున్న నల్లవాడికి 'అసిమిలాదు' అని ఒక హోదా ఇచ్చేవారు. ఆ హోదా ఉంటే వెట్టిచాకిరీ తప్పేది. 1950 నాటికి సుమారు 57 లక్షల జనంలో అలాంటివాళ్లు ఐదు వేలమంది కూడా లేరు! పల్లె పిల్లల చదువును కాథలిక్ మిషన్లకు అప్పగించారు. దేవుడి గురించి ఊరి భాషలో చెప్పొచ్చు, లెక్కలు మాత్రం పోర్చుగీసులోనే. పాలకులు వెళ్లిపోయేనాటికి చదవటం రానివాళ్లు నూటికి తొంభైమందికి పైనే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ లోటు ఈనాటికీ పూడలేదు. 2017 జనాభా లెక్కల్లో పోర్చుగీసు మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 17 శాతమే. నంపులా చుట్టుపక్కల అందరూ మాట్లాడేది మకువా. మేం మందులు ఇచ్చే ఒక ఆసుపత్రిలో, బిడ్డను వీపున కట్టుకుని పల్లె నుంచి వచ్చిన తల్లికి మకువా తప్ప రాదు. రాజధాని మపుటో నుంచి బదిలీ మీద వచ్చిన నర్సుకు మకువా రాదు. వరండా ఊడ్చే ఆయాను పిలిస్తే ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చి, ఏ మందు ఎన్నిసార్లు వేయాలో చెప్పేది. ఇంటికెళ్లాక ఆ తల్లి ఆ మందు ఎలా వేస్తుందోనని నాకు ఒకటే టెన్షన్‌గా ఉండేది.

పోర్చుగల్ చేతికిందే ఉండిన అంగోలా సంగతి వేరు. అక్కడ 2014 లెక్కల ప్రకారం 71 శాతం మంది ఇళ్లలోనే పోర్చుగీసు వాడుతున్నారు.

ప్రశ్న: మరి అక్కడి పిల్లలకు సొంత భాషలో చదువే లేదా?
– ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఉంది మాస్టారూ. 2003 నుంచి కొన్ని బడుల్లో మొదటి మూడేళ్లు ఇంటి భాషలో చెప్పి, నాలుగో తరగతి నుంచి పోర్చుగీసుకు మారుస్తున్నారు. నన్నడిగితే మూడేళ్లు చాలవు. పిల్లవాడు అప్పుడప్పుడే ధైర్యంగా నోరు విప్పుతుంటాడు, అంతలోనే భాష మార్చేస్తే మళ్లీ మూగబోతాడు. పోర్చుగీసును ఒక సబ్జెక్టుగా గట్టిగా నేర్పుతూనే ప్రాథమిక బడి అంతా మకువాలోనో, సేనా అనే ఇంకో స్థానిక భాషలోనో నడపాలి. దేశం ముక్కలైపోతుందన్న భయం 1975లో సబబే, ఈ రోజు దానికోసం పిల్లల చదువును పణంగా పెట్టక్కర్లేదు.

ఖమ్మం అమ్మగారికి ఇంకో మాట. ఫోన్ యాప్‌లలో ఎక్కువగా నేర్పేది బ్రెజిల్ పలుకుబడి. మొజాంబిక్‌లో వాడేది పోర్చుగల్ పద్ధతికి దగ్గర. అబ్బాయిని ఆ పాఠాలే వెతుక్కోమనండి. నంపులా చేరాక మకువా తెలిసిన తోటి ఉద్యోగిని పట్టుకుని, మందు మోతాదు చెప్పే నాలుగు ముక్కలైనా నేర్చుకోమనండి.