తగుపాళ్లు అంటే ఎంత?

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పదార్థం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం, దాంతో పాటు జాబు, రెండూ అందినాయి. పది రోజులైంది. చదివిన రోజే జవాబు రాసుంటే కోపంగా రాసుండేవాణ్ణి. ఈ పది రోజుల్లో నాలుగుసార్లు చదివినాను. కోపం తగ్గింది గానీ కోపం తెప్పించిన వాక్యం మాత్రం అక్కడే ఉంది. ఆరో పేజీ, పైనుంచి రెండో పేరా: “ఇత్తడి అనేది రాగి, జింకు రసాయనికంగా కలవగా ఏర్పడిన సమ్మేళనం.”

కాదు తల్లీ. ఇత్తడి మిశ్రమం.

తప్పు రాసినావని కాదు నా కోపం. అదే పేజీలో కింద మీ అవ్వ చెంబు తోమే సంగతి రాసినావు. బూడిద, చింతపండు పిప్పి కలిపి, చెంబు మెడ కింద వంపులో బొటనవేలు పెట్టి రుద్దుతుందని, అక్కడ పచ్చగా పట్టిన చిలుము వదిలితే గానీ చెంబు బోర్లించదని. బాగుంది. అంత దగ్గర్నుంచి చూసిన పిల్ల, నాలుగు వరసల పైన ‘రసాయనికంగా కలవగా’ అని ఎట్లా రాసింది? ఒక వాక్యం చెంబును చూసి రాసింది, ఇంకొకటి గైడును చూసి రాసింది. పక్కపక్కనే పెట్టినావు. రెండోదాన్ని మొదటిదాంతో పరీక్షించాలని నీకు తోచలేదు. అదీ నా బాధ.

‘రసాయనికంగా’ అనే మాటను మనం తెలియని చోటు కప్పెట్టడానికి వాడుతున్నాం. ఆ మాట రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకో: పాళ్లు మారితే అది అదేగా ఉంటుందా?

ఇత్తడిని అడుగు. ఒక బిందెలో నూటికి డెబ్బై పాళ్లు రాగి ఉండొచ్చు, ఇంకోదాంట్లో అరవై ఉండొచ్చు. రెండూ ఇత్తడే. రాగి ఎక్కువైతే రంగు ఎరుపు తిరుగుతుంది, తుత్తునాగం, అదే జింకు, ఎక్కువైతే పసుపు తేలుతుంది, అంతే. మీ ఇంట్లో గాజుల లోపలి వైపు 916 అని ముద్ర ఉంటుంది చూడు. వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతా 84 రాగో వెండో. పద్దెనిమిది క్యారెట్లయితే 750. పాళ్లు మారినా అది నగే. ఇదంతా మిశ్రమాల గుణం.

నీళ్లు అట్లా కాదు. కపిలతీర్థంలో కొండమీంచి దూకే నీళ్లయినా, స్వర్ణముఖి ఇసకలో చెలమ తవ్వితే ఊరే నీళ్లయినా, అందులో కరిగిన ఉప్పులు వేరే వేరే ఉండొచ్చు గానీ నీళ్లు మాత్రం ఒకటే: తూకంలో ఒక వంతు హైడ్రోజన్, ఎనిమిది వంతులు ఆక్సిజన్. తొమ్మిది వంతుల ఆక్సిజన్ పెట్టి ఒక వంతు హైడ్రోజన్‌ను మండిస్తే ఆ తొమ్మిదో వంతు అట్లే మిగిలిపోతుంది. ఆ రెండే మూలకాలు ఒకటికి పదహారుగా కలిస్తే అవి నీళ్లు కావు, హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండ్లు కడగడానికి మందుల అంగట్లో నీళ్లలో కలిపి అమ్ముతారే, అది. పాళ్లు మారినాయంటే పదార్థమే మారిపోయినట్టు.

నలభై ఏళ్లకు పైగా నేను చెబుతున్నది ఈ ఒక్కటే. తూకం చెప్పలేనప్పుడు సమ్మేళనం అనే మాట రాయొద్దు.

నీకు ధైర్యంగా ఉంటుందని ఇంకొకటి చెబుతాను. నువ్వు చేసిన పొరపాటు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలే అంతటివాడు చేసిందే. జోసెఫ్ ప్రౌస్ట్ అని ఫ్రెంచివాడు, స్పెయిన్‌కు పోయి పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాడు. గనిలో దొరికే రాగి కార్బొనేట్‌నూ, తన ల్యాబులో తయారుచేసిన రాగి కార్బొనేట్‌నూ తూచి, రెండింట్లోనూ పాళ్లు ఒకటేనని 1799లో చెప్పినాడు. భూమి తయారుచేసినా మనిషి తయారుచేసినా తేడా లేదన్నాడు. బెర్తొలే ఒప్పుకోలేదు. సమ్మేళనాల్లో పాళ్లు మారుతూ ఉంటాయి, కావాలంటే లోహాల మిశ్రమాలు చూడండి, గాజు చూడండి, ద్రావణాలు చూడండి అన్నాడు. అవన్నీ మిశ్రమాలు, వాటిని ఇందులోకి లాగొద్దని ప్రౌస్ట్ జవాబిచ్చినాడు. ఏళ్ల తరబడి సాగిందా వాదం, ఇద్దరూ ఒక్క తూలుమాట అనుకోకుండా. అదే రోజుల్లో ఇంగ్లండులో డాల్టన్, పదార్థం పరమాణువులతో ఏర్పడిందని చెప్పడానికి కూడగట్టిన ఆధారం ఇట్లాంటి తూకాలే. 1808లో ఆయన పుస్తకం వచ్చింది.

ఇంతకీ ప్రౌస్ట్ తూచిన ఆ రాగి కార్బొనేట్ ఏమిటనుకున్నావు? రాగిని తేమగాలిలో ఏళ్ల తరబడి వదిలేస్తే పట్టే పచ్చని చిలుములో ఉండేదీ అదే. అందులో తూకానికి నూటికి యాభై ఏడున్నర పాళ్లు రాగి, మిగతాది కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తగలగానే అది కరిగి ఊడి వస్తుంది. మీ అవ్వ బొటనవేలి కింద నీ పాఠమంతా ఉంది. చెంబు మిశ్రమం, చిలుము సమ్మేళనం. నువ్వేమో చెంబును సమ్మేళనమన్నావు, చిలుమును ‘మురికి’ అని రాసి వదిలేసినావు.

నేను దీన్ని పుస్తకంలో నేర్చుకోలేదు. 1978, పలమనేరు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో చేరిన మొదటి ఏడాది. ఇనుము, గంధకం ప్రయోగం చూపించాలి. ఇనుప రజను లేత్ షాపులో అడిగి తెచ్చి, నూనె పోయేదాకా కిరసనాయిలుతో కడిగి ఎండబెట్టినాను. గంధకం పచారీ అంగట్లో దొరికింది. బడిలో త్రాసు లేదు. ఏముందిలే అని చెరొక చెంచా పోసి, గాజు గొట్టంలో వేడి చేసినాను. అడుగున ఎర్రగా రాజుకుంది. దీపం తీసేసినా ఆ ఎరుపు తనంతట తానే పైకి పాకింది. పిల్లలు ఊపిరి బిగబట్టినారు. చల్లారినాక గొట్టం పగలగొట్టి, లోపలి నల్లటి గడ్డను నూరి, పాత రేడియో స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెట్టినాను. పొడి మీసాల్లాగా లేచి అంటుకుంది. వెనక బెంచీ పిల్లవాడొకడు నిలబడి, “సార్, కలిసిపోతే అయస్కాంతానికి అంటదన్నారే, అంటతా ఉంది కదా” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టినారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇనుము బరువు, గంధకం తేలిక. చెంచాలు సమానమైనంత మాత్రాన తూకాలు సమానం కావు, పైగా ఇక్కడ కావలసింది సమానం కానే కాదు. ఇది తట్టేసరికి తెల్లారింది. లేచి కంసాలి ఆచారి ఇంటికి పోయి త్రాసు అడిగినాను. ఆయన త్రాసు ఇచ్చినాడు గానీ తూకపు రాళ్లు ఇవ్వలేదు, ఒక డబ్బాలో గురివింద గింజలు పోసి ఇచ్చినాడు. గ్రాములు లేకుండా ఎట్లా అని దిగులు పడినాను. దారిలో నడుస్తుంటే వెలిగింది: పాళ్లకు గ్రాములతో పనేముంది? ముప్పై ఐదు గింజల ఎత్తు ఇనుము, ఇరవై గింజల ఎత్తు గంధకం. ఏడుకు నాలుగు. బడి వెనక చింతచెట్టు కింద, గాలి బాగా ఆడే చోట, మళ్లీ చేసినాను. ఈసారి గడ్డను నూరి అయస్కాంతం పెడితే రేణువు కదలలేదు. ఆ పిల్లవాడే వచ్చి అయస్కాంతం నా చేతిలోంచి తీసుకొని, పొడిలో అటూ ఇటూ తిప్పి చూసి, “ఇప్పుడు కలిసింది సార్” అన్నాడు.

అది రాసి ఒక వారపత్రికకు పంపినాను. మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి అచ్చయింది. పత్రిక తెచ్చుకొని బస్టాండులోనే నిలబడి చదివినాను. గురివింద గింజలు లేవు. పిల్లవాడు లేడు. ‘ఏడు పాళ్ల ఇనుము, నాలుగు పాళ్ల గంధకం’ అని నేను రాసిన చోట ‘ఇనుము, గంధకం తగుపాళ్లలో’ అని ఉంది. పైన ‘సైన్సు వింతలు’ అని శీర్షిక. ఎందుకిట్లా చేసినారని ఉత్తరం రాస్తే, అంకెలు కనపడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని జవాబు. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు, పేరు చెప్పను, కానీ ఆ పని మాత్రం మరిచిపోలేను. వ్యాసంలో ఉన్న ప్రాణం ఆ రెండు అంకెలే. అచ్చయిన వారానికి మదనపల్లె నుంచి ఎవరో మాస్టారు కార్డు రాసినారు. ఒకే వాక్యం: “అయ్యా, తగుపాళ్లు అంటే ఎంత?” ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. తెలుగులో సైన్సు రాస్తే ఎవరు చదువుతారని అడిగినావు కదా. ఆయన చదివినాడు.

ఇప్పుడు వింతల పిచ్చి ఇంకా ముదిరింది. నీ వ్యాసంలోనూ ఆ గాలి సోకింది. ‘రెండు విషాలు కలిస్తే రుచికరమైన ఉప్పు! ఎంత అద్భుతం!’ ఆశ్చర్యార్థకాలు పదకొండు లెక్కపెట్టినాను. తీసెయ్యి. సోడియాన్ని కత్తితో కోయొచ్చని, గాలి తగలకుండా కిరసనాయిల్లో ఉంచుతారని, నీళ్లు తగిలితే భగ్గుమంటుందని రాయి. క్లోరిన్ ఆకుపచ్చని పసుపు వాయువని, 1915లో, మొదటి ప్రపంచయుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీద వదిలినారని రాయి. 23 పాళ్ల సోడియం, ముప్పై ఐదున్నర పాళ్ల క్లోరిన్ కలిస్తే రెండింటి గుణాలూ మాయమై ఉప్పవుతుందని రాయి. ఆశ్చర్యం చదివేవాడికి దానంతట అదే పుడుతుంది.

నీ మొదటి పేజీ గురించి. పంచభూతాల సంగతి ఎత్తి, ‘మన పూర్వులు ఐదు మూలకాలను ఏనాడో కనుగొన్నారు’ అన్నావు. శ్రీకాళహస్తి వాయులింగం ముందు నిలబడి దీపం రెపరెపలాడటం చూసి నేనూ చేతులు జోడించినవాణ్ణే. ఆ భక్తి వేరు. భూతం అన్న మాటకూ మూలకం అన్న మాటకూ పొత్తు కలపొద్దు. గాలి మూలకం కాదు, మిశ్రమం: నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 ఆక్సిజన్, ఒకటికి కాస్త తక్కువ ఆర్గాన్. నీళ్లు సమ్మేళనం. నిప్పు అసలు పదార్థమే కాదు, జరుగుతున్న ఒక పని.

మూలకం అంటే ఏమిటో చెప్పడానికి సున్నాన్ని తీసుకో. 1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజే 33 మూలకాల జాబితా అచ్చువేసినాడు. మూలకమంటే ఇంతవరకు మనం విడగొట్టలేకపోయింది అని నిజాయితీగా చెప్పుకున్నాడు. అందులో వెలుగూ వేడీ ఉన్నాయి, సున్నం కూడా ఉంది. ముగ్గుకూ తాంబూలానికీ వాడే మన సున్నమే, నీళ్లు పోయకముందు రాళ్లసున్నం. 1808లో హంఫ్రీ డేవీ కరెంటు సాయంతో అందులోంచి కాల్షియం లాగినాడు. సున్నం ఆ జాబితాలోంచి దిగిపోయింది. ఇప్పుడున్న 118 మూలకాల వెనక ఇట్లాంటి ఎక్కడాలు దిగడాలు ఎన్నో. ‘మూలకాలు 118’ అని ఒక్క ముక్కలో తేల్చేసినావు. ఆ సంఖ్య ఎట్లా వచ్చిందో ఒక్క మూలకంతోనైనా చూపించు.

మాటల సంగతి. నువ్వు ఒకచోట ఆక్సిజన్ అన్నావు, ఇంకోచోట ఆమ్లజని అన్నావు. ఆమ్లజనిని వదిలెయ్యి. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఇదేనని లావోయిజే పొరబడి ఆ అర్థంతో గ్రీకు పేరు పెట్టినాడు. మనవాళ్లు ఆ పొరపాటును శ్రద్ధగా తెలుగులోకి దించినారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ రెండే. క్లోరిన్ మూలకమని 1810లోనే డేవీ తేల్చినాడు. గ్రీకు మాటలోని తప్పు మన పిల్లలకు కనపడదు, ఆమ్లజనిలోని తప్పు కనపడుతుంది, మనసులో నాటుకుంటుంది. మూలకం, సమ్మేళనం, మిశ్రమం మంచి మాటలు, ఉంచు. జింకు అను, పక్కన తుత్తునాగం అని కూడా అను. మైలుతుత్తం, పటిక, అన్నభేది, నవాసారం, ఇవన్నీ అంగట్లో అడిగితే పొట్లం కట్టి ఇచ్చే పేర్లు. ఒక్కటీ నీ వ్యాసంలో లేదు.

నవాసారం అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి వెనక సందులోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదుతూ కూర్చునేవాడు. మా అమ్మ పులుసు గిన్నె ఇచ్చి పంపేది. ఇత్తడి గిన్నెలో చింతపులుసు కాస్తే చిలుమెక్కుతుందని లోపల తగరం పూయించేవాళ్లు. గిన్నె కాలినాక చిటికెడు నవాసారం వేసేవాడు. గుప్పున తెల్లటి పొగ, ముక్కు అదిరే ఘాటు. వెంటనే తగరం కడ్డీ అలా తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపలంతా వెండిలాగా పరుచుకునేది. అక్కడ ఇత్తడి మిశ్రమం, తగరం మూలకం, నవాసారం సమ్మేళనం. వేడికి అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోయి, లోహం మీది మసకను తినేసి, పైన చల్లగాలి తగలగానే మళ్లీ కలిసి తెల్లపొగ అవుతుంది. మళ్లీ కలిసేటప్పుడు కూడా 17 పాళ్ల అమ్మోనియాకు ముప్పై ఆరున్నర పాళ్ల హైడ్రోజన్ క్లోరైడే. పన్నెండేళ్లు ఆ పొగ చూసినాను, అందులో ఏం జరుగుతోందో డిగ్రీలో గానీ తెలియలేదు. ‘ద్రవ్యరాశి కలిగి స్థలాన్ని ఆక్రమించేది పదార్థం’ అనే నీ మొదటి వాక్యం తీసేసి, మీ ఊళ్లో నువ్వు చూసిన ఇట్లాంటిది ఏదైనా పెట్టు. నిర్వచనం మూడో పేజీలో వచ్చినా ఎవరూ నిన్ను అడగరు.

నువ్వడిగిన ముందుమాట సంగతి ఇప్పుడే కాదు. ఇనుము, గంధకం ప్రయోగం రాసేటప్పుడు పెద్దవాళ్లు దగ్గరుండి, ఆరుబయట చేయాలన్న మాట తప్పకుండా చేర్చు. ఆ పొగ మంచిది కాదు.

ఆరో పేజీ మాత్రం ముందు తిరగరాసి పంపు. కాగితానికి ఒక వైపే రాయి, వెనక సిరా పైకి కనపడి నా కళ్లకు కష్టంగా ఉంది. మీ అవ్వకు నా నమస్కారాలు. ఆ చెంబు ఎక్కడ కొన్నారో, తూకం ఎంతుందో ఆమెను అడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు