సున్నా వడ్డీ ట్రాక్టరు: రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నిడమనూరు మండలం. సాగర్ ఎడమ కాలువ కింద ఐదెకరాల సొంత పొలం, ఆరెకరాల కౌలు ఉన్నాయి. ప్లాటు అమ్మగా వచ్చిన 8 లక్షలతో 45 హార్స్‌పవర్ ట్రాక్టరు కొనాలనుకుంటున్నాను. డబ్బంతా ఒకేసారి కడితే 7,75,000కు ఇస్తామంటున్నారు. ఫైనాన్స్‌లో అయితే ధర 8,20,000. అందులో 2,50,000 ముందు కట్టి, మిగతా 5,70,000ను ఆరు నెలలకొకటి చొప్పున మూడేళ్లలో ఆరు కిస్తీలుగా వడ్డీ లేకుండా కట్టుకోవచ్చట. ఫైనాన్స్ ఖర్చులు మరో 12,000. సొంత పొలానికి బ్యాంకు పంట రుణం ఉంది గాని, కౌలు పొలం పెట్టుబడికి ప్రతి సీజనులో అడ్తిదారు దగ్గర 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తాను. ఇంట్లో అప్పు వద్దంటున్నారు. వడ్డీ లేనప్పుడు ఉన్న డబ్బంతా ఎందుకు పోయాలని మా అబ్బాయి అంటున్నాడు. ఏది మేలు?
– ఒక రైతు

జవాబు: వడ్డీ లేదన్న మాటను ముందుగా పక్కన పెట్టండి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు వంటి పేర్లతో కొనుగోలుదారు మీదనే వేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. మీకు చెప్పిన లెక్కలో ఆ వడ్డీ ధరలోనే కలిసి ఉంది. ఒకేసారి కట్టేవారికి తగ్గిస్తున్న 45,000, ఫైనాన్స్ ఖర్చుల 12,000 కలిపితే 57,000. మీరు కట్టబోయే వడ్డీ ఇదే.

ఇది ఎక్కువా, తక్కువా అన్నది ఎంత సొమ్ము ఎంతకాలం మీ చేతిలో ఉంటుందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఒకేసారి కడితే మీ చేతి నుంచి 7,75,000 పోతుంది. ఫైనాన్స్‌లో మొదటి రోజు పోయేది 2,62,000. అంటే మీకు నిజంగా అందుతున్న అప్పు 5,70,000 కాదు, 5,13,000 మాత్రమే. మొదటి కిస్తీ సొమ్ము మీ దగ్గర ఆరు నెలలే ఉంటుంది, చివరిది మూడేళ్లు ఉంటుంది; సగటున ఏడాది తొమ్మిది నెలలు. 57,000ను ఆ కాలానికి పంచితే ఏడాదికి సుమారు 32,500, అంటే 6.3 శాతం పడుతుంది. మన ఊళ్ల లెక్కలో నూటికి నెలకు అర్ధరూపాయి కంటే కొంచెం ఎక్కువ. ఇదే 57,000 తేడాతో ఏడాదిలో రెండే కిస్తీలు కట్టమంటే వడ్డీ 14 శాతం దాటిపోయేది. కాబట్టి షోరూం వారు గడువు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి.

ఇక మీ సంగతి. అడ్తిదారు దగ్గర 2 లక్షలకు రెండు రూపాయల చొప్పున ఆరు నెలలకు 24,000, రెండు సీజన్లకు ఏడాదికి 48,000 కడుతున్నారు. ట్రాక్టరు మీద మూడేళ్లకు కలిపి పడే భారం 57,000. ఉన్న డబ్బంతా షోరూంలో కట్టి, నాటు వేసే వేళకు మళ్లీ అడ్తి దుకాణం మెట్లెక్కవలసి వస్తే, ఇంట్లో వద్దన్న అప్పు తప్పినట్టు కాదు, దాదాపు నాలుగు రెట్లు ఖరీదైన అప్పు మిగిలినట్టు. అందుచేత మీకు ఫైనాన్సే మేలని నా అభిప్రాయం. మీరు బ్యాంకు పంట రుణంతోనే సేద్యం గడుపుకొనేవారైతే, అంటే 3 లక్షల వరకు గడువులోగా కట్టి 4 శాతంతో సరిపెట్టుకొనేవారైతే, మొత్తం కట్టేసి తగ్గింపు తీసుకోమనే చెప్పేవాణ్ణి.

అయితే చేతిలో మిగిలే సొమ్ము చెదిరిపోకూడదు. మీ 8 లక్షల్లో మొదటి రోజు ఖర్చు పోగా 5,38,000 ఉంటుంది. 2 లక్షలు కౌలు పొలం పెట్టుబడికి కేటాయించి, మూడు కిస్తీలకు సరిపడా 2,85,000 బ్యాంకులో డిపాజిట్ చేయండి. సాగర్ నీళ్లు ఒక సీజను రాకపోయినా కిస్తీ ఆగదు గనుక, ఏడాదిన్నర వరకు మీకు దిగులుండదు. మిగిలిన 53,000 డీజిలుకు, పనిముట్లకు ఉంచుకోండి. ఆ డబ్బు వేరే ఖర్చులకు జారిపోతుందన్న అనుమానం మీకే ఉంటే మాత్రం ఇంట్లో వారి మాట వినడం మంచిది.

ఈ పథకంలో వడ్డీ ధరలోనే ముందే కలిసిపోయింది కాబట్టి, డౌన్ పేమెంట్ ఎక్కువ కట్టినా, కిస్తీలు గడువుకు ముందే తీర్చినా మీకు రూపాయి కలిసిరాదు. మామూలు వడ్డీ అప్పుకు ఇది పూర్తిగా భిన్నం. తక్కువ ముందు కట్టి, పూర్తి గడువు వాడుకోండి. కిస్తీలు డిసెంబరు, జూన్ నెలాఖర్లలో పడేలా అడిగి రాయించుకోండి. అప్పటికి వానాకాలం, యాసంగి వడ్లు అమ్ముకొని ఉంటారు. సెప్టెంబరు, మార్చి నెలల్లో పడితే పంట పొలంలోనే ఉంటుంది.

సంతకానికి ముందు రెండు ధరలకూ వేర్వేరు కొటేషన్లు రాతపూర్వకంగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో అది కనిపించాలి. ఫైనాన్స్ కంపెనీ కేఎఫ్ఎస్ అనే ముఖ్య వివరాల పత్రం, మీకు అర్థమయ్యే భాషలో, ఇచ్చి తీరాలి. కాని అందులో చూపే వార్షిక వడ్డీ శాతంలో ఫీజులు కలుస్తాయి గాని, మీరు వదులుకున్న 45,000 కలవదు. పై లెక్క మీరే వేసుకోక తప్పదు. ఆలస్య రుసుము ఎంతో, అడగని బీమా ఏదైనా కలిపారేమో కూడా అందులోనే చూడండి. డౌన్ పేమెంట్ బ్యాంకు ద్వారానే కట్టండి. 2 లక్షలు, ఆపైన నోట్ల రూపంలో తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి నిషేధించింది.

చివరి కిస్తీ కట్టిన రోజునే ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35 సంతకంతో సహా అడిగి తీసుకొని, ఆర్టీఏ కార్యాలయంలో ఇచ్చి ఆర్‌సీ మీద ఆ కంపెనీ పేరు తీసివేయించుకోండి.