శరత్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి? దేవదాసుతో మాత్రం వద్దు

వందేళ్ల కిందటి బెంగాలీ నవలా రచయిత శరత్‌చంద్ర ఛటోపాధ్యాయను ఇప్పుడు పనిగట్టుకుని చదవాలా, చదివితే ముందు ఏది చదవాలి అని అడిగారు. ‘దేవదాసు’ మొదలుపెట్టి, ఆ ఏడుపు భరించలేక మధ్యలో వదిలేశానని కూడా రాశారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ పుస్తకం మీద శరత్‌కే పెద్ద మక్కువ లేదు. పాతికేళ్ల వయసులో రాసి పక్కన పడేశాడు, 1917 దాకా అది అచ్చు కాలేదు. మనకేమో 1953 నాటి అక్కినేని, సావిత్రిల సినిమా పుణ్యమా అని ఆయన పేరు చెబితే మందు సీసా, శాలువా తప్ప ఇంకేమీ గుర్తురాకుండా పోయింది. అందులోనూ మంచి భాగాలున్నాయి. రెండో పెళ్లివాడికి భార్యగా వెళ్లిన పార్వతి, సవతి కూతురికి తన నగలన్నీ తొడిగి మచ్చిక చేసుకునే ఘట్టం చూడండి. అసలు శరత్ అక్కడున్నాడు. కానీ ఆయన్ను చేరుకోవడానికి అది మంచి దారి కాదు.

నేను మొదట చదివింది ‘శ్రీకాంత్’ మొదటి భాగం. ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో పక్క క్వార్టర్‌లోని తెలుగు పెద్దాయన ఇచ్చారు. అక్కడి రైల్వే కాలనీల్లో మనవాళ్లు చాలామంది, పుస్తకాలు చేతులు మారుతూ ఉండేవి. అందులో ఇంద్రనాథ్ అనే కుర్రాడు అర్ధరాత్రి చిన్న పడవలో గంగ మీదికి చేపల దొంగతనానికి వెళతాడు. వెంట శ్రీకాంత్. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున ఒక పసివాడి శవం కనిపిస్తుంది. నక్కల పాలు కానివ్వకూడదని ఇంద్రుడు దాన్ని ఎత్తి పడవలో పెట్టబోతాడు. ఏ కులంవాడో ఏమో అని శ్రీకాంత్ వెనకాడతాడు. శవానికి కులమేమిటి అంటాడు ఇంద్రుడు. ఈ పడవ మామిడి చెక్కో నేరేడు చెక్కో, పడవయ్యాక ఎవరైనా అడుగుతారా అని కూడా అంటాడు. అంతే, ఉపన్యాసం లేదు. ఆ మాట అన్నది ఏ సంస్కర్తో కాదు, బడి ఎగ్గొట్టే చేపల దొంగ. శరత్ పట్టు అంతా ఇదేనని నా అభిప్రాయం. ఊరు వెలివేసినవాళ్ల చేతికి న్యాయం చెప్పే పని అప్పగిస్తాడు, మనం కిక్కురుమనకుండా ఒప్పుకుంటాం.

అది ఊహించి రాసింది కాదు. 1876లో హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో పుట్టాడు. తండ్రి మోతీలాల్ కథలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయని మనిషి, నిలకడైన సంపాదన లేదు. దాంతో పిల్లల బతుకు భాగల్‌పూర్‌లో మేనమామల పంచన గడిచింది. ఇంద్రనాథ్‌కు మూలం ఆ ఊళ్లోని రాజు అనే మిత్రుడే. ఎంట్రెన్స్ (అప్పటి మెట్రిక్) గట్టెక్కినా, తరువాతి పరీక్షకు ఫీజు కట్టే దిక్కులేక చదువు ఆగిపోయింది. 1903లో బర్మాలోని రంగూన్‌కు ఓడెక్కి, 1916 దాకా అక్కడే గుమాస్తాగా ఉన్నాడు. మొదటి భార్యనూ పసిబిడ్డనూ ప్లేగు తీసుకుపోయింది. 1912లో ఇంటికి నిప్పంటుకుని ‘చరిత్రహీన్’ రాతప్రతి కాలిపోతే, మళ్లీ మొదటినుంచి కూర్చుని రాశాడు.

ఈ రంగూన్ అధ్యాయం నాకు ఇంకోలా తగిలింది. నాది శ్రీకాకుళం వైపు. మా పాతతరంవాళ్లు ఆ ఊరిని ‘రంగం’ అనేవారు. అక్కడికి కూలికి వెళ్లి తిరిగిరాని మనిషి మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు. ‘శ్రీకాంత్’ రెండో భాగంలో ఓడ ఎక్కేముందు ప్లేగు పరీక్ష పేరుతో పేద ప్రయాణికులను వరుసగా నిలబెట్టి ఒళ్లు తడిమే దృశ్యం చదువుతుంటే, పేరు తప్ప ఏమీ మిగలని ఆ మనిషి కూడా ఇలాగే ఏదో రేవులో నిలబడి ఉంటాడనిపించింది.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఆయన మగవాళ్లలో సగం మంది వెన్నెముక లేనివాళ్లు. వితంతువుల మనసును అంత దగ్గరగా చూసినవాడు, వాళ్లకు పెళ్లి చేయడానికి మాత్రం కలం కదపడు. ‘పల్లీ సమాజ్’లో వితంతువైన రమను చివరికి కాశీకి పంపేసినప్పుడు నాకు కోపమే వచ్చింది. ‘శేష ప్రశ్న’లో కమల లాంటి ఎదురు తిరిగే మనిషి వస్తుంది కానీ, ఆ నవలలో కథ కంటే వాదన ఎక్కువ. బర్మాలోని విప్లవకారుల మీద రాసిన ‘పథేర్ దాబీ’ని ప్రభుత్వం 1927లో నిషేధించింది. నిరసనకు గొంతు కలపమంటే రవీంద్రుడు కలపలేదు, అది శరత్ మనసును బాగా నొప్పించింది. నిషేధం తొలగేసరికి ఆయన లేడు, 1938 జనవరిలోనే పోయాడు.

ఇల్లు, వంటగది, తోడికోడళ్ల పంతాలు ఇష్టమైతే ‘బిందుర్ ఛేలే’ తీసుకోండి. బిందుకు పిల్లల్లేరు, మూర్ఛలు వస్తుంటాయి. ఒకసారి మూర్ఛ రాబోతుండగా తోడికోడలు అన్నపూర్ణ నిద్రపోతున్న తన పసివాణ్ణి ఆమె ఒళ్లో పడేస్తుంది. బిడ్డ కెవ్వుమంటాడు, బిందు తమాయించుకుని ఎత్తుకుంటుంది. ఆ క్షణం నుంచి బిడ్డ ఎవరిదన్నదే గొడవ. మా అమ్మకు చదివి వినిపిస్తే, “ఆయనకు మన ఇళ్ల సంగతులు ఎలా తెలుసురా?” అంది. ఆయనదే ‘నిష్కృతి’ 1957లో ‘తోడికోడళ్ళు’ సినిమా అయి మనవాళ్లకు అంత నచ్చడానికి కారణం అమ్మ మాటలోనే ఉంది.

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్లే దారిలో దేవుల్టీ స్టేషన్లో దిగితే, సామ్‌తాబేడ్‌లో ఆయన కట్టుకున్న ఇల్లు ఉంది. ఒక ఆదివారం వెళ్లాను. రూప్‌నారాయణ్ నది ఇప్పుడు ఇంటికి దూరంగా జరిగిపోయింది. ఇల్లు చూపించినాయన నేను తెలుగువాడినని తెలుసుకుని, “మీ దగ్గర ఇంకా చదువుతారా?” అని ఆశ్చర్యపోయాడు. మదనపల్లె శానిటోరియంలో క్షయకు చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్న చక్రపాణి గురించి చెప్పాను. ఆయన అనువాదాల వల్ల శరత్‌ను తెలుగువాడే అనుకున్న పాఠకులున్నారంటే ఇల్లు చూపించినాయన నమ్మలేదు.

మీకు టైము లేదంటే నవల కూడా వద్దు, ‘మహేశ్’ కథ చదవండి. అరగంట పని. కరువులో ఎద్దుకు మేత లేక తన ఇంటి కప్పు గడ్డే పీకి వేసే గఫూర్ కథ. అది నచ్చితే ‘శ్రీకాంత్’. హిందీ, ఇంగ్లీషుల మీదుగా వచ్చిన తెలుగు కంటే నేరుగా బెంగాలీ నుంచి చేసినదే వెతకండి. చక్రపాణిది కానీ, విజయవాడ దేశి కవితా మండలి వేసిన బొందలపాటి శివరామకృష్ణ గారిది కానీ పాత పుస్తకాల షాపులో కనిపిస్తే బేరమాడకుండా తీసుకోండి.